బిట్రగుంట యార్డును బల్ల మీద కట్టాలంటే: గుంపుగా చేసే రైల్వే మోడల్ ఎక్కడ చిక్కుపడుతుంది, ఎలా విప్పుకోవాలి

రైళ్ళంటే ప్రాణం పెట్టే ఆరేడుగురు కావలిలోనో ఒంగోలులోనో ఒకచోట కూర్చుంటే, టీ తాగడం అయ్యేలోపు ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు: "అన్నా, మనమంతా కలిసి బిట్రగుంట యార్డు మొత్తం మోడల్‌గా కడదాం." అందరూ సరే అంటారు. వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది, ప్లైవుడ్ రేట్లు కనుక్కుంటారు, ఒకరు పట్టాలు ఆర్డర్ పెట్టేస్తారు, ఇంకొకరు ఈలోపే అట్టముక్కలతో ఓ చిన్న స్టేషన్ బిల్డింగ్ కట్టి ఫొటో పెడతారు. కొన్ని నెలలకు పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

డబ్బు చాలక ఆగిపోయిందనో, చేతకాక ఆగిపోయిందనో అనుకుంటాం గానీ, నేను చూసినంతలో అసలు చిక్కు వేరే. ఒకరి పని ఇంకొకరి పనికి ఎక్కడ తగులుతుందో, ఆ తగిలేచోట ఏ కొలత ఉండాలో ముందు రాసుకోరు. రైల్వే మోడల్‌లో ప్రతిదీ ఇంకోదానికి తగులుతూనే ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో ప్లైవుడ్ బోర్డు కట్టి తర్వాత కలుపుతాం కాబట్టి, నా బోర్డు మీది పట్టా నీ బోర్డు మీది పట్టాకి అతకాలి, వైరు వైరుకి కలవాలి, ఒకరు కొన్న ఇంజన్ ఇంకొకరు వేసిన వంపులో పడిపోకుండా తిరగాలి. అందుకని నేను చెప్పేది ఒక్కటే: అంచుల దగ్గర కొలతలు గట్టిగా ఖాయం చేసుకోండి, అంచుల లోపల ఎవరికి నచ్చినట్టు వాళ్ళని కట్టుకోనివ్వండి. ఉమ్మడి గోడ ఎక్కడ రావాలో తేల్చుకున్న అన్నదమ్ములు ఎవరింట్లో వంటగది ఎటు పెట్టుకున్నా గొడవ రాదు కదా, అంతే ఇది కూడా. ఆ అంచులు ఏమిటి, వాటి వెనక లెక్కలు ఏమిటి అన్నదే మిగతా వ్యాసమంతా.

బిట్రగుంట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. నెల్లూరుకీ కావలికీ మధ్య, విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న రైల్వే ఊరు అది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్, ఇంజన్‌ని తిప్పే టర్న్‌టేబుల్, యార్డు, వరసలు వరసలుగా రైల్వే క్వార్టర్స్ ఉండేవి. డీజిల్, ఆ తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాక షెడ్‌కి పని లేకుండా పోయింది. ఆ వైభవం పెద్దవాళ్ళ మాటల్లో ఇంకా ఉంది కాబట్టే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మోడల్ రైల్వే అనగానే ముందు గుర్తొచ్చే పేరు అదే. ప్రకాశం పడమటి వైపు వాళ్ళయితే దొనకొండ అంటారు, గుంటూరు–గుంతకల్ లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పుడు అక్కడా లోకో షెడ్ ఉండేది. ఏది ఎంచుకున్నా పద్ధతి మారదు.

ముందు సైజు లెక్క చూడాలి, ఎందుకంటే ఉత్సాహం చల్లారేది మొదట ఇక్కడే. ప్రపంచంలో ఎక్కువమంది వాడే స్కేల్ హెచ్‌ఓ, అంటే అసలుది 87 వంతులైతే మోడల్ ఒక వంతు. ఒంగోలు నుంచి నెల్లూరు రైలుదారి సుమారు 116 కిలోమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 1.3 కిలోమీటర్లు వస్తుంది. ఊరి బయట పొలం కొన్నా చాలదు. పోనీ స్టేషన్ ఒక్కటే తీసుకుందామన్నా, 24 పెట్టెల ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి పొడవాటి కొత్తరకం పెట్టెల) రైలు హెచ్‌ఓలో ఆరున్నర మీటర్లు దాటుతుంది, పెట్టె ఒక్కటే 27 సెంటీమీటర్ల పైచిలుకు. దానికి తగ్గ ప్లాట్‌ఫారం వేస్తే మామూలు ఇంటి హాల్లో స్టేషన్ తప్ప ఇంకేమీ పట్టదు. కాబట్టి ఏ మోడల్ అయినా కుదించక తప్పదు. కుదించడమంటే అన్నిటినీ ఒకే లెక్కన నొక్కేయడం కాదు. బిట్రగుంటని బిట్రగుంటగా గుర్తుపట్టించే నాలుగైదు వస్తువులు (షెడ్, టర్న్‌టేబుల్, నీళ్ళ ట్యాంకు, క్వార్టర్స్ వరస) స్కేలు ప్రకారం పూర్తి సైజులో ఉంచి, వాటి మధ్య ఖాళీలను తగ్గించాలి. యార్డులో పది లైన్లుంటే నాలుగు వేయండి, చూసేవాళ్ళ కన్ను మిగతావి తనే నింపుకుంటుంది. రైలు కూడా ఏడెనిమిది పెట్టెలు చాలు.

కాలం కూడా మొదటిరోజే తేల్చుకోవాల్సిన అంచు. "ఏ సంవత్సరం కడుతున్నాం?" అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే ఒకాయన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ తెస్తాడు, ఇంకొకాయన వందే భారత్ తెస్తాడు, ఇద్దరిదీ తప్పు కాదు గానీ ఆ రెండూ పక్కపక్కన నిలబడితే ఊరు నిజం అనిపించదు. నా అభిప్రాయం అడిగితే, గుంపుగా మొదటిసారి కట్టేవాళ్ళు 1970 చుట్టుపక్కల కాలం పెట్టుకోవడం మేలు. 1947లో వచ్చిన డబ్ల్యూపీ, 1950లో వచ్చిన డబ్ల్యూజీ గూడ్స్ ఆవిరి ఇంజన్, 1962 నుంచి నడిచిన డబ్ల్యూడీఎం-2 డీజిల్, ఈ మూడూ కలిసి తిరిగిన రోజులవి. నాలుగు చక్రాల చిన్న గూడ్స్ వ్యాగన్లు అప్పట్లో బోలెడు, మోడల్‌లో ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి చిన్న బోర్డు మీద కూడా షంటింగ్ (పెట్టెల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చడం) చేసి చూపించొచ్చు. అన్నిటికంటే పెద్ద లాభం, పైన కరెంటు తీగలు కట్టక్కర్లేదు. ఆ తీగల పని ఎంతటిదో తెలియాలంటే ఒక్క సంగతి: అసలు లైన్లో కాంటాక్ట్ వైర్ తిన్నగా ఉండదు, ప్యాంటోగ్రాఫ్ (ఇంజన్ పైన తీగని తాకి కరెంటు అందుకునే చట్రం) ఒకేచోట అరిగిపోకుండా స్తంభం స్తంభానికీ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి 20 సెంటీమీటర్ల దాకా జరుపుతారు. హెచ్‌ఓలో అది రెండు మిల్లీమీటర్ల చిల్లర. పది బోర్డుల పొడవునా ఆ రెండు మిల్లీమీటర్లు నిలబెట్టడం, అదీ బోర్డుల్ని ఊడదీసి మళ్ళీ కలిపే లేఅవుట్‌లో, అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. స్తంభాల మధ్య ఎడం కూడా చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ, తిన్నని దారిలో 72 మీటర్ల దాకా ఉంటుంది, మోడల్‌లో అది 80 సెంటీమీటర్ల పైమాటే.

ఇప్పుడు స్కేలు, గేజు. అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే, ఇందులో మన దేశానికి మాత్రమే ఉన్న చిక్కొకటి ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. స్కేలు అంటే వస్తువు ఎంత చిన్నదయిందో చెప్పే నిష్పత్తి, గేజు అంటే రెండు పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ వాళ్ళు వాడే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, దాన్ని 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది, అది యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజు. మన బ్రాడ్ గేజు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా మీద మన డబ్ల్యూపీని నిలబెడితే దాని కాళ్ళ కింద దారి దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, ఆ మూడు మిల్లీమీటర్లు వదిలేయడం. బ్రిటన్‌లో ఓఓ అనే స్కేలు వాళ్ళు (1:76) దశాబ్దాలుగా ఇదే చేస్తున్నారు, పెద్ద బొమ్మని అదే 16.5 పట్టా మీద నడుపుతారు, ఆ దేశంలో ఎక్కువమంది వాడే స్కేలు అదే. రెండోది, 19.3 మిల్లీమీటర్లతో పట్టాలు, పాయింట్లు (బండి లైను మారేచోట్లు), ఇరుసులు అన్నీ సొంతంగా చేసుకోవడం. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ గుంపులో ఒక్కరికే ఆ నైపుణ్యం ఉంటే మిగతావాళ్ళంతా ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. మూడోది నాకు చాలా ఇష్టమైన లెక్క: అడుగుకి మూడు మిల్లీమీటర్లు అనే పాత స్కేలొకటి ఉంది, అంటే 1:101.6. మన బ్రాడ్ గేజు ఐదున్నర అడుగులు. ఐదున్నరని మూడుతో హెచ్చించండి, సరిగ్గా 16.5. బజారు పట్టాయే వాడుతూ గేజుని వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపెట్టే స్కేలు ఇదే, ఎల్‌హెచ్‌బీ పెట్టె కూడా 23, 24 సెంటీమీటర్లకి దిగుతుంది. కాకపోతే ఇంజన్లు, పెట్టెలు, మనుషుల బొమ్మలు, ఆఖరికి సైకిల్ కూడా ఆ స్కేల్లో మనమే 3డీ ప్రింట్ చేసుకోవాలి. పాయింట్లలో స్లీపర్ల ఎడం కూడా తేడాగా కనబడుతుంది.

గుంపుకి నా సలహా మొదటి దారే. దానికి కారణం పట్టాల కంటే మనుషులు. కొత్తగా చేరిన కుర్రాడు తన దగ్గరున్న హెచ్‌ఓ ఇంజన్ తెచ్చి అదే రోజు మన లైను మీద నడపగలగాలి. భారతీయ ఇంజన్లు రెడీమేడ్‌గా దొరకడం కష్టం కాబట్టి మనవాళ్ళు చేసేది సాధారణంగా విదేశీ చాసిస్ (మోటారు, చక్రాలు ఉండే అడుగుభాగం) కొని, దాని మీదికి ప్రింట్ చేసిన బాడీ దించడమే, ఆ చాసిస్‌లు హెచ్‌ఓలోనే విరివిగా ఉన్నాయి. గేజు ఇరుకు పైనుంచి తీసిన ఫొటోలో తెలుస్తుంది, కంటి ఎత్తులో పక్కనుంచి చూస్తే తెలియదు, అందుకే బోర్డు ఎత్తు పెంచమని తర్వాత చెప్తాను. మరీ చిన్న గదిలో పని చేసేవాళ్ళకి ఎన్ స్కేలు (1:160, పట్టా 9 మిల్లీమీటర్లు) ఉంది. ఏది పెట్టుకున్నా ఒక్కటే పెట్టుకోండి, ఓటేసి తేల్చి, మళ్ళీ ఆ విషయం ఎత్తొద్దు.

వంపుల గురించి ఒక్క నియమం చాలు. పెట్టె పొడవుకి కనీసం మూడు రెట్లు వంపు వ్యాసార్థం ఉండాలి. బొమ్మ రైలు సెట్లలో వచ్చే వంపు 45 సెంటీమీటర్లే, పాత ఐసీఎఫ్ పెట్టె హెచ్‌ఓలో 24 సెంటీమీటర్లకి పైనే ఉంటుంది, మూడు రెట్లంటే 73. అందుకని మెయిన్ లైనుకి కనీస వ్యాసార్థం 80 సెంటీమీటర్లు అని రాసేసుకుంటే పెద్ద పెట్టెలు కూడా ఇబ్బంది లేకుండా తిరుగుతాయి. ఎత్తులు ఎక్కించడం మొదటి లేఅవుట్‌లో వద్దు. ఒక లైను మీదుగా ఇంకోటి దాటించాలంటే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు లేపాలి, నూటికి రెండు వాలు పెట్టినా అక్కడికి చేరడానికే నాలుగున్నర మీటర్లు ఖర్చవుతుంది.

ఇక అసలు విషయానికొద్దాం. బోర్డులు విడివిడిగా కట్టి కలిపే పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో ఎన్‌ఎంఆర్‌ఏ అనే సంఘం 1935లో పుట్టిందే ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీ పట్టా మీద నడవాలన్న అవసరంతో. 1970ల్లో అక్కడే ఎన్‌ట్రాక్ అనే పద్ధతి వచ్చింది, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోర్డులు, ముందు వైపు మూడు మెయిన్ లైన్లు ఒకే దూరంలో, ఎవరు ఎక్కడినుంచి తెచ్చినా అతుక్కుంటాయి. జర్మనీలో 1981లో మొదలైన ఫ్రెమో వాళ్ళు ఇంకో అడుగు వేశారు. బోర్డు ఎంత పొడవుండాలి, ఏ ఆకారంలో ఉండాలి అనేది కట్టేవాడి ఇష్టానికే వదిలేసి, రెండు చివర్లలో ఉండే పలక ఆకారాన్ని మాత్రం ఖాయం చేశారు. ఏ ఊరివాళ్ళ బోర్డు ఏ ఊరివాళ్ళ బోర్డుకైనా బిగించి, పెద్ద హాళ్ళలో గంటలకొద్దీ టైంటేబుల్ ప్రకారం రైళ్ళు నడుపుతారు. జపాన్‌లో పుట్టిన టీ-ట్రాక్‌లో బోర్డులు ఇంకా చిన్నవి, మామూలు టేబుల్ మీద పెట్టి కలిపేయొచ్చు. ఈ మూడిటిలో మనకి పనికొచ్చే ఆలోచన ఫ్రెమోది అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పొడవాటి యార్డు బోర్డులు, పొట్టి పొలం బోర్డులు ఒకే లేఅవుట్‌లో ఉండాలంటే ఆ స్వేచ్ఛ కావాలి.

కాబట్టి చివరి పలక. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఒక నమూనా పలక కోయించండి, వడ్రంగి దగ్గర చేతిరంపంతో కాకుండా కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రం మీద కటింగ్ చేసే షాపులో. వెడల్పు 60 సెంటీమీటర్లు. ముందు అంచు నుంచి మొదటి పట్టా మధ్యగీత ఎంత దూరమో, రెండో పట్టా అక్కడినుంచి ఎంతో, బోల్టు రంధ్రాలు ఎక్కడో, వైర్లు బయటికొచ్చే కన్నం ఎక్కడో అన్నీ దాని మీదే ఉండాలి. అసలు రైల్వేలో కొత్తగా వేసే జంట లైన్ల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకి, 5.3 మీటర్లు, హెచ్‌ఓలో ఆరు సెంటీమీటర్లు. నేల నుంచి పట్టా పైభాగానికి ఎత్తు 120 సెంటీమీటర్లు పెట్టుకుంటే పెద్దవాళ్ళ కంటికి రైలు పక్కనుంచి కనబడుతుంది, పిల్లలకి ఒక బెంచీ వేయొచ్చు. కాళ్ళ కింద సర్దుకునే బోల్టులు తప్పనిసరి, ఎందుకంటే కల్యాణ మండపాల్లో గచ్చు ఎక్కడా మట్టంగా ఉండదు. బోర్డు పొడవు స్వేచ్ఛే అన్నా, 120 సెంటీమీటర్లు దాటితే ఆటోలో పట్టదని గుర్తుపెట్టుకోవాలి.

ఎవరి బోర్డులో అయినా మొదట పాడయ్యేది అంచు దగ్గర పట్టా కొసే. చక్రం అంచు, అంటే పట్టాని లోపలివైపు నుంచి పట్టుకుని ఉండే భాగం, హెచ్‌ఓలో దాదాపు 0.64 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు బోర్డుల పట్టాల మధ్య అర మిల్లీమీటరు ఎత్తు తేడా వచ్చిందంటే బండి పడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. పట్టాని ఫెవికాల్‌తో అతికించి వదిలేస్తే రవాణాలో ఎవరి చొక్కా బొత్తమో తగిలి లేస్తుంది. అందుకని చివర్లో ప్రతి పట్టా కింద ఒక ఇత్తడి స్క్రూ బిగించి, దాని తల పట్టా మట్టానికి సర్ది, పట్టాని దానికి సోల్డర్ చేయాలి. రెండు బోర్డులు బోల్టులతో బిగించి ఉన్నప్పుడే పట్టా ఒకే ముక్కగా వేసి, ఆ తర్వాత సన్నటి రంపపు చక్రంతో అంచు దగ్గర కోసేస్తే వరస తప్పే అవకాశం ఉండదు. ఇది పక్క బోర్డుతో మాత్రమే సరిపోయే పద్ధతి కాబట్టి, ఏ బోర్డుకైనా కలవాలంటే మళ్ళీ ఆ నమూనా పలకని ఆధారం చేసుకునే కొలవాలి.

వైరింగ్ విషయంలో భయం అనవసరం, క్రమశిక్షణ అవసరం. పాత పద్ధతిలో పట్టాకి 12 వోల్టుల డీసీ ఇస్తారు, వోల్టేజీ పెంచితే బండి వేగం పెరుగుతుంది, పట్టా మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కదులుతాయి. రెండు బళ్ళు విడిగా నడపాలంటే లైనుని ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి స్విచ్ పెట్టాలి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాకి కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ప్రతి ఇంజన్‌లో ఒక డీకోడర్ చిప్ ఉంటుంది, దానికో నంబరు, "3వ నంబరు ముందుకి కదులు" అన్న ఆదేశం పట్టాలోంచే వెళ్తుంది. జర్మనీలోని లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకుని ఎన్‌ఎంఆర్‌ఏ 1990ల్లో దీన్ని ప్రమాణంగా చేసింది, అందుకే వేరే వేరే కంపెనీల చిప్పులు ఒకే కంట్రోలర్ మాట వింటాయి. గుంపుకి డీసీసీయే సరైనది, నలుగురు నలుగురి ఇంజన్లు ఒకేసారి నడుపుకోవచ్చు, బోర్డు కింద వైర్లు కూడా తగ్గుతాయి.

ప్రతి బోర్డు కిందా రెండు లావు వైర్లు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి, పట్టా ప్రతి ముక్కకీ వాటినుంచి చిన్న వైరు ఎక్కాలి, పట్టాలను కలిపే జాయినర్ల మీద కరెంటు కోసం ఆధారపడకూడదు. ముందు పట్టాకి ఒక రంగు, వెనక పట్టాకి ఇంకో రంగు, అందరి బోర్డుల్లోనూ అవే రెండు రంగులు. ఎవరింట్లో మిగిలిపోయిన వైరు వాళ్ళు వాడేశారంటే ప్రదర్శన రోజు పొద్దున అందరికీ టెన్షన్ మొదలవుతుంది. చివర్లో బండి చుట్టు తిరిగి అదే లైనులోకి తిరిగొచ్చేలా వేస్తే ఎడమ పట్టా వెళ్ళి కుడి పట్టాకి తగిలి షార్ట్ అవుతుంది, అక్కడ ఆ చుట్టుని రెండువైపులా కోసి విడదీసి, ఆటో రివర్సర్ అనే చిన్న సర్క్యూట్ పెట్టాలి. వైరింగ్ అయ్యాక పరీక్ష చాలా సులభం: రూపాయి బిళ్ళని రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టండి. పెట్టిన ప్రతిచోటా కంట్రోలర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా అవ్వలేదంటే ఆ చోటుకి కరెంటు సరిగా చేరడం లేదని అర్థం, రేపు షార్ట్ అయితే అక్కడే వైరు వేడెక్కి కాలుతుంది. ఈ పరీక్ష నెగ్గని బోర్డు మీద గడ్డి పోగు కూడా అంటించకూడదు.

పని పంచుకోవడం రెండు రకాలుగా జరుగుతుంది. ఒకరికి ఒక పని (నువ్వు వడ్రంగం, నువ్వు వైరింగ్, నువ్వు చెట్లు) లేదా ఒకరికి ఒక బోర్డు. మొదటి పద్ధతిలో నాణ్యత బావుంటుంది గానీ వైరింగ్ చేసేవాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందంటే మొత్తం ఆగుతుంది. రెండో పద్ధతిలో పని ఆగదు గానీ ఒకరి గడ్డి పచ్చగా, పక్కవాడి గడ్డి పసుపుగా వచ్చి బోర్డు మారినచోట గీత గీసినట్టు కనిపిస్తుంది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన మోడల్ రైల్‌రోడ్ క్లబ్‌లో కూడా పైన ఊళ్ళు, కొండలు చేసేవాళ్ళు ఒక వర్గం, బల్ల కింద రిలేలు, స్విచ్చులు చూసే సిగ్నల్స్ అండ్ పవర్ వాళ్ళు ఇంకో వర్గం, ఆ కింది వర్గంలోంచే తొలితరం కంప్యూటర్ హ్యాకర్లు వచ్చారు. మనుషుల ఆసక్తి అలా విడిపోవడం సహజం, దాన్ని ఆపక్కర్లేదు. బోర్డుకి ఇద్దర్ని పెట్టండి, ఒకరికి పైపని ఇష్టం, ఇంకొకరికి కిందిపని ఇష్టం. ఆ పైన బ్యాలస్ట్ (పట్టాల కింది కంకర), మట్టి రంగు, గడ్డి మిశ్రమం ఒక్కచోటే పెద్ద డబ్బాలో కలిపి అందరికీ పంచండి. రంగు కూడా ఒక అంచే.

దృశ్యం కట్టేటప్పుడు మన నేల మనకి చేసే సాయం చాలా ఉంది, దిగుమతి సరుకు దగ్గర ఆగిపోకండి. ఇసుక సంగతే తీసుకోండి. పెన్నా ఇసుక తెచ్చి మోడల్ పెన్నాలో పోస్తే అది ఇసుకలా కనబడదు, ఎందుకంటే అర మిల్లీమీటరు రేణువు 87 రెట్లు పెరిగితే నాలుగు సెంటీమీటర్ల రాయి. అదే రేణువు పట్టాల కింద కంకరగా మాత్రం సరిగ్గా సరిపోతుంది, అసలు రైల్వే కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్ల రాళ్ళే కదా. కాబట్టి జల్లెడ పట్టిన నది ఇసుకో, చీమకుర్తి వైపు గ్రానైట్ క్రషర్ల దగ్గర దొరికే డస్టో బ్యాలస్ట్‌కి వాడండి, ఏటి ఇసుకకి పిండిలాంటి రాతిపొడి వాడండి. ముందు అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ పొడిలో తిప్పి, అంటుకున్న నల్లటి రేణువులు తీసేయాలి, లేకపోతే అవి ఇంజన్ మోటార్లోకి చేరతాయి. సముద్రపు ఇసుక అసలు వద్దు, అందులో ఉప్పుంటుంది, నల్ల ఖనిజపు రేణువులూ ఎక్కువ. అంటించడానికి ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే ఇసుక మధ్యలోకి చక్కగా దిగుతుంది.

గిద్దలూరు వైపు నల్లమల కోతలు కట్టేవాళ్ళకి మార్కాపురం పలకరాయి ముక్కలే కొండ. పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి చిన్న ముక్కలో కూడా పెద్ద రాతిగోడ కనిపిస్తుంది. తీరం వైపు వాళ్ళకి రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, కందుకూరు, టంగుటూరు దారిలో ఎత్తుగా నిలబడే, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. రొయ్యల చెరువులు 1970 లేఅవుట్‌లో పెట్టకండి, అవి తర్వాత వచ్చాయి. చెట్లని అందరూ మరీ పొట్టిగా పెట్టేస్తారు: ఇరవై మీటర్ల తాటిచెట్టు హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లు ఉండాలి, అంటే స్టేషన్ బిల్డింగ్ కంటే చాలా ఎత్తు. అలా నిలబెట్టి చూడండి, బోర్డు ఒక్కసారిగా మన ఊరవుతుంది. పాకెట్లలో వచ్చే విదేశీ ఆవు బొమ్మలకి మూపురం ఉండదు, కొంచెం ఎపాక్సీ పుట్టీతో మూపురం, గంగడోలు పెట్టి తెల్లరంగు వేస్తే 17 మిల్లీమీటర్ల ఒంగోలు గిత్త తయారు. ఇలాంటి పనులు పిల్లలకి ఇవ్వండి, ఎంత ఓపికగా చేస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్నట్టు నీళ్ళు: పెన్నా ఎక్కువ నెలలు ఇసుకే, ఓ పక్కగా సన్నటి పాయ. కాబట్టి ఖరీదైన రెసిన్ లీటర్లకొద్దీ పోయనక్కర్లేదు.

మన వాతావరణం గురించి తప్పకుండా ఆలోచించాలి. రోహిణి కార్తెలో ఇల్లు కొలిమి, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వానలకి గోడలు చెమ్మ. మీటరు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో మూడో వంతే, కానీ కింద చెక్క తేమకి అంతకంటే ఎక్కువ కదులుతుంది. ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసే పలక) అయితే ఉబ్బి ఊరుకుంటుంది, దాని జోలికి పోకండి. నీటికి తట్టుకునే రకం ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులతో సహా అన్నివైపులా వార్నిష్ వేయాలి. వేసవిలో పట్టాలు దగ్గరగా, వానల్లో వేస్తే చిన్న సందులు వదిలి వేయాలి. ఉక్కు పట్టాలు చవక అని కొంటే ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఆడకుండా మూలపెట్టిన లేఅవుట్ తొందరగా పాడవుతుంది, వారానికోసారైనా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టా తుడిచి బండి నడపాలి.

నడపడం గురించి కొంచెం. 110 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో సెకనుకి 35 సెంటీమీటర్లు, ఆరు బోర్డుల లైను ఇరవై సెకన్లలో అయిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు వేగంగా తిరిగే గడియారం పెడతారు, ఆ గడియారంలో గంట గడవడానికి మనకి పట్టేది పది నిమిషాలే. జీటీ ఎక్స్‌ప్రెస్ రాకముందే గూడ్స్‌ని లూప్ లైనులోకి తోయాలి, షెడ్ నుంచి ఇంజన్ సిద్ధంగా రావాలి, స్టేషన్ మాస్టరుగా కూర్చున్నవాడు పక్క స్టేషన్‌ని లైన్ క్లియర్ అడగాలి. అప్పుడు చిన్న లేఅవుట్‌కి కూడా నలుగురి చేతులూ చాలవు, గుంపుగా కట్టినందుకు అసలు ఆనందం అక్కడే దొరుకుతుంది.

ఇక ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని విషయం, ఆస్తి. చందాలతో కొన్న కంట్రోలర్, కాళ్ళు, వైర్లు, బ్యాలస్ట్ గుంపువి. ఇంజన్లు, పెట్టెలు ఎవరివి వాళ్ళవి, కింద చిన్న స్టిక్కర్ అంటించి పేరు రాయాలి. బోర్డు కట్టినవాళ్ళదే, ఊరు మారితే తీసుకుపోవచ్చు. చివరి పలకలు ఒకే కొలతవి కాబట్టి ఆ ఖాళీలో వేరే బోర్డు బిగుస్తుంది, మిగతావాళ్ళ పని ఆగదు. టర్న్‌టేబుల్ బోర్డు మాత్రం గుంపు డబ్బుతో గుంపు పేరునే కట్టండి, అన్నిటికంటే కష్టమైనది, అందరికీ కావలసినది అదే. డబ్ల్యూపీ ఇంజన్, టెండర్ (వెనక ఉండే బొగ్గు, నీళ్ళ బండి) కలిపి దాదాపు 24 మీటర్లు కాబట్టి దాని వంతెన 28 సెంటీమీటర్లకి తగ్గకూడదు. అది తయారయ్యేదాకా ఆ గుంతకి ఒక గుండ్రటి ప్లైవుడ్ మూత వేసి, దాని మీద తిన్నటి పట్టా ఒకటి వేసి నడిపించుకోండి. పట్టాల ఆర్డర్ పెట్టేముందు మాత్రం నమూనా పలకలు కోయించి ప్రతి ఇంటికీ ఒకటి చేర్చండి, రెండు బోర్డులు కలిపి ఒక్క ఇంజన్ ఆ అతుకు మీదుగా అటూ ఇటూ పడకుండా తిరిగాకే మూడో బోర్డుకి చెక్క కొనండి.